తువ్వాల కింద బేరం

ఆ ఎండాకాలం మా బాపు చెంచాతో అన్నం తినడం మొదలుపెట్టాడు.

పెద్దపల్లి పక్కన ముప్పై ఎకరాల వరి చేయించే లక్ష్మణ్‌రావు, అరవై ఒక్క ఏళ్లుగా పప్పన్నం వేళ్లతో కలిపి ముద్ద చేసుకుని తిన్న మనిషి, ఏప్రిల్‌లో ఒకరోజు కంచం ముందు కూర్చొని "చెంచా ఇయ్యి" అన్నాడు. అమ్మ ఏమీ అడగకుండా ఇచ్చింది. ఆ తరువాత గుండీల చొక్కాలు బీరువాలోకి పోయి, మెడలోంచి వేసుకునే టీషర్టులు వచ్చాయి. పట్టీలున్న తోలు చెప్పులు మూలన పడి రబ్బరు చెప్పులు వచ్చాయి. నేను కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. వేసవి సెలవులకు ఇంటికి వచ్చి ఈ వేషాలన్నీ చూసి, ఈయనకు ఏదో గాలి సోకిందనుకున్నాను.

వారం తిరగకముందే ఆ గాలి ఏమిటో తెలిసింది.

"స్పోర్ట్స్ కారు కొంటా," అన్నాడు బాపు. "రెండు సీట్లది. కొత్తది మనతోని కాదు, సెకండ్‌హ్యాండ్‌లోనే మంచిది చూద్దాం."

అమ్మ చింతపండులోంచి గింజలు తీస్తోంది. చేతిలో గింజ అట్లాగే ఉండిపోయింది. నేను ముందు నవ్వాను. అది హాస్యం కాదని తరువాత తెలిసింది. పెళ్లికి పోతే బస్సు టికెట్ వెనక కండక్టర్ రాసిన చిల్లర బాకీ కూడా వదలకుండా వసూలు చేసుకొచ్చే మనిషి ఈయన. పాత కారు టైరు అరిగి లోపలి దారాలు బయటపడేదాకా మార్చడు.

"టీషర్టులైనయి, చెంచా అయింది, ఇప్పుడు కారు. జుట్టుకు రంగు ఎప్పుడు ఏసుకుంటవ్ బాపూ?" అన్నాను.

"నువ్వే ఏద్దువు గాని," అని గట్టిగా నవ్వాడు. అమ్మ మాత్రం నవ్వలేదు. రోడ్డు పక్క జాగా అమ్మిన డబ్బు మేడ కట్టుకోవడానికని బ్యాంకులో దాచారు. అది పోతుందని బాధపడుతోందనుకున్నాను.

మరుసటి రోజు నుంచి నేనే డ్రైవర్ని. "నువ్వు నడుపు, నేను కార్లు చూస్తా," అన్నాడు. కరీంనగర్ బైపాస్ మీద ఉన్న పాత కార్ల షెడ్డుకు ముందు పోయాం. అక్కడ రంజిత్ అని ఒక సేల్స్‌మన్, మాటకారి. నీలం రంగు రెండు సీట్ల కారు మీద కప్పిన గుడ్డ లాగి, "సార్, గిది జర్మనీ బండి. ఒక డాక్టర్ సాబ్ నడిపిండు. గీత పడలే," అన్నాడు.

బాపు చుట్టూ తిరిగి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డాడు గాని తెరవలేదు. రంజితే వచ్చి తెరిచేదాకా అట్లాగే చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"తాళంచెవి తిప్పుడా, బటనా?" అని అడిగాడు.

"తిప్పుడే సార్. పాత మోడల్ కదా."

"వద్దు. బటన్ ఉండాలె. గేర్లు దానంతటదే మారాలె. స్టీరింగ్ దూదిలెక్క తిరగాలె."

రంజిత్ నా వైపు చూశాడు. "సార్‌కు మస్తు టేస్ట్ ఉన్నది మేడమ్," అన్నాడు.

"తలుపు కూడా ఎవలో ఒకలు తియ్యాలె సార్‌కు," అన్నాను నేను. బాపు దానికీ నవ్వాడు.

లక్సెట్టిపేటలో ఒక పళ్ల డాక్టర్ తెల్ల కారు అమ్ముతున్నాడంటే అక్కడికి పోయాం. అది బటన్ కారే, గేర్లు మార్చనక్కర లేనిదే. ఈసారి బాపు తానే తలుపు తెరవబోయాడు. వేళ్లతో కాదు, మణికట్టు హ్యాండిల్‌లోకి దూర్చి లాగాడు. రెండుసార్లు జారింది. మూడోసారి నేను తీశాను. "దీని తలుపు మస్తు బరువున్నది, నాకొద్దు," అని తిరిగి వచ్చేశాడు. ఆ తలుపు నేను చిటికెన వేలితో తీసినంత తేలిగ్గా తెరుచుకుంది. నేను అది చూశాను, చూసి కూడా షోకు ముదిరిందనే అనుకున్నాను.

తిరిగి వస్తుంటే గోదావరి వంతెన మీద నాకు ఉండబట్టలేదు. "ఎవల్ని కూర్చోపెడతవ్ బాపూ ఆ రెండో సీట్ల? అమ్మ ఎక్కదు. నాకు సిగ్గు. ఊళ్లె అందరు నవ్వుతుండ్రు. ఈ వయసుల గీ పిచ్చేంది?"

కిటికీలోంచి ఎండిన ఇసుక చూస్తూ చెప్పాడు. తనకు పంతొమ్మిదేళ్లప్పుడు తాతతో కలిసి ఎడ్లను తోలుకుని ఇచ్చోడ అంగడికి పోయాడట. నాగపూర్ రోడ్డు మీద టాప్ లేని ఎర్ర కారు ఒకటి ఎడ్లు దాటేదాకా ఆగిందట. నడిపే ఆయన ఇంజన్ ఆపలేదట. ఆ చప్పుడు తన ఛాతీలో కొట్టిందట.

"ఒక్కసారి బిడ్డా," అన్నాడు. "ఒక్క ఎండాకాలం నడిపి అమ్మేస్తా. నష్టమొస్తే రానీ."

నష్టమొస్తే రానీ అని మా బాపు నోట వినడం అదే మొదటిసారి.

మే రెండో వారంలో ఇచ్చోడ నుంచి కబురు వచ్చింది. సంతోష్‌రావు అని ఒక కుర్ర కాంట్రాక్టర్, తన ఎర్ర కారు అమ్ముతున్నాడు. జన్నారం అడవి దాటి, ఉట్నూరు మీదుగా మేం చేరేసరికి పన్నెండు దాటింది. కారు పత్తి జిన్నింగ్ మిల్లు షెడ్డులో ఉంది. పత్తి సీజన్ అయిపోయి షెడ్డంతా ఖాళీ. మూలల్లో దూది పేరుకుని ఉంది, గాలికి కొంచెం లేచి మళ్లీ పడుతోంది. సంతోష్‌రావు బటన్ నొక్కగానే రేకుల షెడ్డు మొత్తం అదిరింది. బాపు ముఖంలోకి చూశాను. నాకు ఎందుకో అసూయ అనిపించింది, నేను దేన్నీ అంత ఇష్టంగా చూసినట్టు గుర్తులేదు.

"నడిపి చూడండి సార్," అన్నాడు సంతోష్‌రావు.

"ధర తేలినంక నడుపుతా. నడిపినంక బేరం చెయ్యబుద్ధి కాదు," అన్నాడు బాపు.

బేరానికి సంతోష్‌రావు ఒక దలాల్‌ను పెట్టుకున్నాడు. ఆయన పేరు లింగమూర్తి. డెబ్బై ఏళ్లుంటాయి, తెల్ల ధోతి, భుజం మీద ఎర్రంచు తువ్వాల. ఒకప్పుడు ఇచ్చోడ అంగడిలో ఎడ్ల బేరాలు చేసేవాడు. ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాక ట్రాక్టర్లు, ఇప్పుడు కార్లు. బాపును చూడగానే గుర్తుపట్టాడు.

"రావ్‌సాబ్, మీరా," అన్నాడు. "పెద్దపల్లి రావ్‌సాబ్ బేరానికొస్తే మా దలాల్లందరం పరేషాన్ అయ్యేది," అని నాతో అన్నాడు. "తువ్వాల కింద మీ బాపు చెయ్యి దొరికితే ఇంక మా వేళ్లు మాకు దక్కకపోయేటివి."

"అయితే తువ్వాల తియ్యి. నోటి బేరం నాకొద్దు," అన్నాడు బాపు.

ఎడ్ల అంగడిలో ధర పైకి చెప్పరు. ఇద్దరూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పుతారు. దలాల్ నోటితో మొదటి సగమే చెప్తాడు, మిగతాది వేళ్లతో పట్టి చెప్తాడు. రెండు వేళ్లు పడితే రెండు, నాలుగు పడితే నాలుగు, మొత్తం చెయ్యి పడితే అయిదు. కొనేవాడు ఒప్పుకోకపోతే తిరిగి వేళ్లు నొక్కి తన ధర చెప్తాడు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. ఇది నేను విన్నదే గాని చూడలేదు. సంతోష్‌రావు ఫోన్ తీసి వీడియో తీయబోతే లింగమూర్తి కళ్లతోనే వద్దన్నాడు.

చేతులు కలిశాయి. తువ్వాల కప్పారు.

"ఇరవై మీద," అన్నాడు లింగమూర్తి. ఇరవై లక్షల మీద ఎన్ని లక్షలో వేళ్లు చెప్పాలి.

"సరే," అన్నాడు బాపు.

లింగమూర్తి కనుబొమలు లేచాయి. కాస్త ఆగి మళ్లీ "ఇరవై మీద," అన్నాడు.

"సరే అంటిని కదా."

మూడోసారి అదే మాట. బాపు మూడోసారీ సరేనన్నాడు. "గంతకే ఖాయం," అని కూడా అన్నాడు. రూపాయికి గంటసేపు కొట్లాడే మనిషి ఊపిరి తీసుకునేలోపు బేరం తెంపేశాడు. లింగమూర్తి తువ్వాల తీయలేదు, బాపు ముఖంలోకే చూస్తున్నాడు.

"ఎంతకు తెగింది కాకా?" అని సంతోష్‌రావు తొందరపడ్డాడు.

"జర ఆగు తమ్మీ. గొంతెండుతుంది, నీళ్లు తాగొస్తా," అని లింగమూర్తి తువ్వాల భుజాన వేసుకున్నాడు. నడుస్తూ నా వైపు తల ఊపాడు. షెడ్డు బయట కుండ ఉంది. అక్కడికి పోయాను. ఆయన నీళ్లు ముంచుకున్నాడు గాని తాగలేదు.

"బిడ్డా, మీ బాపు చేతికేమైంది?"

"ఏమైంది? ఏం కాలే."

"మొదలు నాలుగు వేళ్లు పట్టిన. ఆయన తిరిగి నొక్కలే. సరే అన్నడు. గట్ల ఎవలన్న అంటరా అని రెండే పట్టిన. సరే అన్నడు." ఆయన గొంతు తగ్గించాడు. "మూడోసారి నేను చెయ్యి తీసేసిన బిడ్డా. తువ్వాల కింద ఆయన చేతిల నా చెయ్యే లేదు. అప్పుడు గూడ గంతకే ఖాయం అన్నడు."

నాకు మొదట అర్థం కాలేదు. తరువాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చెంచా. టీషర్టులు. రబ్బరు చెప్పులు. తాళంచెవి తిప్పుడు వద్దు. తలుపు బరువున్నది. నెల రోజులుగా ఇవన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. కాలేజీలో పిల్లలకు, కనపడిందల్లా రాసుకోండి, తరువాత ఆలోచించండి అని చెప్పే నేను, కనపడినదానికల్లా వెక్కిరించాను.

"నాకు దలాలీ పోతే పోయింది. గా చేతులతోని గీ బండి నడపనియ్యకు," అన్నాడు లింగమూర్తి. అప్పుడు నీళ్లు తాగాడు.

షెడ్డులో మళ్లీ ఇంజన్ మోగింది. నేను పరుగెత్తాను. బాపు అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. సంతోష్‌రావు తలుపు వేయబోతున్నాడు. నేను తలుపు పట్టుకున్నాను.

"దిగు బాపూ."

"ఒక్క రౌండ్ బిడ్డా. గేటు దాక."

"దిగు."

నా ముఖం చూశాడు. తరువాత నా వెనక వస్తున్న లింగమూర్తిని చూశాడు. బటన్ మీద అరచేతి అంచుతో నొక్కి ఇంజన్ ఆపాడు. షెడ్డు ఒక్కసారి నిశ్శబ్దమైంది.

"చెప్పిండా?"

"ఊ."

ఆ కారు సీటు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. కాళ్లు బయట పెట్టాడు గాని లేవలేకపోయాడు. నేను రెండు చేతులూ పట్టుకుని లాగాను. చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకుంటే నా వేళ్లు నొప్పి పెట్టేవి. ఇప్పుడు నేను పట్టుకున్నాను, ఆ చేతులు నన్ను తిరిగి పట్టుకోలేదు. ఊరికే నా చేతుల్లో ఉన్నాయి. నేను అక్కడే, ఆ పరాయి మనుషుల ముందే ఏడ్చాను.

తిరుగు దారిలో ఉట్నూరు దాటాక అడిగాను, ఎప్పటినుంచి అని.

"దీపావళి అయినంక. ముందు తిమ్మిరి అనుకున్న. తర్వాత గుండీలు దొరకకుంటైనయి."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే తాళంచెవులు గుంజుకుందురు," అన్నాడు. "పొలం కాడికి గూడ ఎవలో ఒకలు తోలుకపోవాలె. గట్ల బతుకుడు మొదలయ్యేలోపల, చేతులు ఇంకింత ఉండంగనే, గా ఎర్రది ఒక్కసారి..."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. జాలి తరువాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే ఉంది. నేను బాపు భుజం పట్టుకుని దింపడం చూసి ఏం జరిగిందో ఆమెకు తెలిసిపోయింది. బాపును మంచం మీద కూర్చోబెట్టి వంటింట్లోకి పోయాను.

"నీకు తెలుసు," అన్నాను.

"గుండీలు నేనే పెట్టిన ఆరు నెలలు," అంది అమ్మ. "లాగు నాడా నేనే కట్టిన. నీకు చెప్పనని నీ మీద ఒట్టు పెట్టిచ్చుకున్నడు. ఎట్ల చెప్పాలె? ఒట్టు తప్పితే నీకేమన్న అయితదని ఊకున్న. షుగర్ తోని గట్లయితదంట కదా అనుకున్న."

"నేను చెంచా అని, షోకులని అంతగనం వెక్కిరిస్తుంటే నన్ను ఆపకపోతివి."

అమ్మ పొయ్యి తగ్గించింది. "నువ్వు వెక్కిరిస్తే ఆయనకు మంచిగనిపించేది. బిడ్డ షోకనుకుంటుంది, మంచిదైంది, ఇంక ఫికర్ లేదు అన్నడు."

నేను కంచంలో అన్నం వడ్డించి పక్కన చెంచా పెట్టాను.

మూడు రోజుల తరువాత కరీంనగర్‌లో డాక్టర్ స్కాన్ ఫిల్మును లైటు ముందు పెట్టి పెన్నుతో చూపించాడు. షుగర్ కాదు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలుగుతోంది. చేతులు ముందు, తరువాత కాళ్లు. ఆపరేషన్ చేస్తే ఇంతకంటే ముదరకుండా ఆగుతుంది, పోయింది తిరిగి వస్తుందో రాదో చెప్పలేనన్నాడు.

"ఈ మధ్య బండి నడిపారా?"

"నడపబోయిండు. స్పోర్ట్స్ కారు," అన్నాను.

డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. "గట్టి బ్రేకు ఒకటి పడితే చాలమ్మా. తల ఒక్కసారి ముందుకూ వెనక్కూ ఊగితే మెడ కింద ఏదీ పనిచేయకపోయేది. సమయానికి తెచ్చారు. ఇంతకీ మొదట ఎవరు కనుక్కున్నారు?"

"ఇచ్చోడల ఎడ్ల దలాల్," అన్నాను.

ఆయన రాయబోయి ఆగాడు. ఏ పేరూ రాయలేదు.

ఆపరేషన్ మే చివర్లో అయింది. మృగశిర కార్తెకు మెడ చుట్టూ పట్టీతో బాపు ఇంటికి వచ్చాడు. జాగా డబ్బులో కొంత ఆసుపత్రికి పోయింది. రోజూ ఒక ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి బాపును కళ్లు మూసుకోమని చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు, ఒకసారి తాళంచెవి, ఒకసారి సీసా మూత. ఏమిటది అని అడిగితే బాపు ప్రతిసారీ రూపాయే అనేవాడు. నిజంగా రూపాయి బిళ్ల పెట్టిన రోజు మాత్రం మూత అన్నాడు. అందరం నవ్వాం. ఆ అబ్బాయి పోయాక బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొలం దగ్గరికి పాత కారులో నేనే తీసుకుపోతున్నాను. తాళంచెవి వేసిన ప్రతిసారీ నా చేతిని చూస్తాడు.

జూన్ ఆఖరున, వాన పడుతున్న ఒక మధ్యాహ్నం లింగమూర్తి వచ్చాడు. ఇచ్చోడ నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు. తడిసిన తువ్వాల పిండుకుంటూ వసారాలో కూర్చున్నాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. బాపు, ఆయన వానల గురించి, పత్తి విత్తనాల గురించి మాట్లాడుకున్నారు. కారు మాట ఎవరూ ఎత్తలేదు. చివరికి బాపే అడిగాడు.

"గా ఎర్రది ఏమాయె?"

"పోయింది రావ్‌సాబ్. నాగపూర్ మనిషి కొన్నడు."

"ఎంతకు?"

లింగమూర్తి చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "నోటితోని చెప్తే నేను దలాల్‌ను ఎట్లయిత?" అన్నాడు. తడి తువ్వాల విప్పాడు.

వద్దని అనబోయాను. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. లింగమూర్తి బాపు కుడి చెయ్యి ఎత్తి తన చేతిలో పెట్టుకున్నాడు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పాడు.

"ఇరవై మీద," అన్నాడు.

బాపు కళ్లు మూసుకున్నాడు. వసారా రేకు మీద వాన పడుతోంది. రెండో మూడో ఏదో ఒకటి అంటాడు, తప్పంటాడు, మళ్లీ గోడ వైపు తిరుగుతాడు అనుకున్నాను. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. అమ్మ వేళ్లు నా భుజాన్ని నొక్కాయి. బాపు నుదుటి మీద చెమట పట్టింది. మెడ పట్టీలో గడ్డం కదిలింది.

"లింగమూర్తీ," అన్నాడు. "నీ చెయ్యేది?"

లింగమూర్తి ఈసారి కూడా చెయ్యి పక్కకు తీసేసి ఉన్నాడు.

"ఇరవై మీద ఏం లేదు రావ్‌సాబ్," అన్నాడు. "ఇరవైకే పోయింది."

ఆయన తువ్వాల తీయబోయాడు. బాపు కళ్లు తెరవలేదు.

"ఉండనియ్యి," అన్నాడు. "ఇంకోటి పెట్టు."